అప్‌డేట్: పక్కింటి తాయితో క్షమాపణ గురించి మాట్లాడాను

అందరికీ వందనాలు. మహారాష్ట్రలోని బల్లార్షాలో మా పక్కింటి తాయి (మరాఠీలో అక్క) తన పొలం వాటా ఎగ్గొట్టిన అన్నను క్షమించలేక నలిగిపోతోందనీ, బౌద్ధ కుటుంబంలో పెరిగిన ఆమెకు యేసు క్షమాపణ గురించి ఎలా చెప్పాలనీ అడిగాను కదా.

పూర్వజన్మ కర్మతో మొదలుపెట్టమని కొందరన్నారు. ఇక్కడ అది కుదరదు. వాళ్ల తాతలు అంబేడ్కర్ వెంట బౌద్ధ దీక్ష తీసుకున్నవాళ్లు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో, 16న మా చంద్రపూర్‌లోనే ఆ దీక్షలు జరిగాయి. అంటరానితనం పూర్వజన్మ పాపమన్న మాటను తిరగగొట్టిన ఇల్లది. అక్కడ కర్మ ఊసెత్తితే గాయం కెలికినట్టే.

అందుకే ముందు తననే చెప్పమన్నాను. అంగుళిమాలుడి కథ చెప్పింది. హంతకుడు భిక్షువయ్యాడు. అయినా భిక్షకు వెళితే రాళ్లు తగిలి తల పగిలింది, ఓర్చుకోమన్నాడు బుద్ధుడు. "మన తప్పు ఇంకొకరు కడగలేరు వహినీ (వదినా)" అంది.

నేను లూకా సువార్త 23వ అధ్యాయం చదివాను. యేసు పక్కన సిలువ మీది దొంగకు దిద్దుకునే సమయమే లేదు. అయినా "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అన్నాడు ప్రభువు.

"మరి వాడు దోచుకున్నవాళ్ల సంగతి?" అంది వెంటనే. ఎంత న్యాయమైన ప్రశ్న! యేసును కలిశాక, పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నది చెప్పాను. క్షమించినంత మాత్రాన వాటా అడగకూడదని కాదు కదా.

అన్నతో ఇంకా మాటల్లేవు. బాప్తిస్మం మాట నేను ఎత్తలేదు, ఎత్తను కూడా. మరాఠీలో లూకా సువార్త మాత్రం అడిగింది. పెద్ద అక్షరాల ప్రతి ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే చెప్పండి.