సార్ మంచివారని సంతకం పెట్టమంటున్నారు, పెట్టకపోతే ఏమవుతుంది?

గాజువాక అక్క:
పోర్టు ఎగుమతి దిగుమతుల పనులు చూసే ఒక ప్రైవేట్ ఆఫీసులో చాలా ఏళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను, పేరు చెప్పను. డాక్యుమెంటేషన్‌లో పనిచేసే ఒక అమ్మాయి మా డైరెక్టర్ గారి మీద కిందటి నెల రాతపూర్వకంగా కంప్లైంట్ ఇచ్చింది. రాత్రి పదకొండు దాటాక మెసేజ్‌లు, అందరూ వెళ్లిపోయాక ఫైల్ తెమ్మని క్యాబిన్‌కి పిలవడం, నీ కాంట్రాక్ట్ పొడిగించడం నా చేతిలో ఉందని అనడం. ఆ మెసేజ్‌లు ఆ అమ్మాయి అప్పుడే నాకు చూపించింది. ఒకరోజు సాయంత్రం క్యాబిన్‌లోంచి వచ్చి బాత్రూమ్‌లో చాలాసేపు ఏడిస్తే దగ్గరుండి ఇంటికి పంపించింది నేనే.

ఇప్పుడు హెచ్‌ఆర్ ఒక కాగితం తిప్పుతోంది. ఎన్నో ఏళ్లుగా సార్ దగ్గర పనిచేస్తున్నాం, ఆయన ఏ మహిళతోనూ అమర్యాదగా ప్రవర్తించలేదు అని రాసి, కింద ఆఫీసులో ఆడవాళ్లందరి పేర్లూ ముందే టైప్ చేసి, ఎదురుగా సంతకానికి ఖాళీ వదిలారు. దాదాపు అందరూ పెట్టేశారు. "ఇంక్రిమెంట్ల టైమ్ కదా మేడమ్, పెట్టేయండి" అంటున్నారు.

సార్ ఊళ్లో పెద్దమనిషి. అన్నదానాలు చేయిస్తారు, ఏ పార్టీ గెలిచినా ఆ నాయకుడి పక్కన ఫొటోలో ఉంటారు. మా అబ్బాయి ఆపరేషన్‌కి అడ్వాన్స్ ఇచ్చింది కూడా ఆయనే, అది నేను మర్చిపోలేదు. కానీ నా కళ్లతో చూసింది చూడలేదని ఎలా రాసివ్వను? సంతకం తప్పనిసరా? ఇలాంటి ఫిర్యాదులు విచారించే కమిటీకి నేను చూసింది చెబితే నా పేరు బయటికొస్తుందా? రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

ఎంవీపీ కాలనీ నుంచి:
పెట్టకండి. అలా సంతకం పెట్టాలని ఏ చట్టంలోనూ లేదు. కొన్ని కంపెనీల కమిటీల్లో బయటి సభ్యురాలిగా కూర్చుంటాను, ఇలాంటి కాగితాలు నా ముందుకు చాలా వచ్చాయి. వంద మందితో ఆయన బాగా ఉన్నారని రాసినా ఆ అమ్మాయికి ఏం జరిగిందో అందులో ఒక్క ముక్క ఉండదు. అసలు మీ హెచ్‌ఆర్ చేస్తున్నదే తప్పు. పనిచేసే చోట లైంగిక వేధింపులను ఆపడానికి వచ్చిన 2013 చట్టంలో 16వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు చేసినావిడ, ఆరోపణ ఉన్న వ్యక్తి, సాక్షులు, ఎవరి వివరాలూ బయటపెట్టకూడదు, వీళ్లేమో కాగితం పట్టుకుని టేబుల్ టేబుల్‌కీ తిరుగుతున్నారు. వీలైతే ఆ కాగితం ఫొటో తీసి పెట్టుకోండి.

పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా ఇంటర్నల్ కమిటీ ఉండాలి. దానికి ఒక సీనియర్ మహిళ అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లు ఉండాలి, బయటి సంస్థ నుంచి ఒకరు ఉండాలి. అయితే ఆఫీసు మొత్తం ఆ డైరెక్టర్ చేతిలోనే నడుస్తుంటే ఆయన జీతమిచ్చే మనుషులు ఆయన మీద విచారణ ఏం చేస్తారు? అందుకే యజమాని మీదే ఫిర్యాదైతే జిల్లాలో ఉండే లోకల్ కమిటీకి వెళ్లాలని చట్టంలోనే రాశారు. ఆ అమ్మాయికి ఈ సంగతి ముందు చెప్పండి, ఎందుకంటే చివరి సంఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. కారణం చూపిస్తే కమిటీ ఇంకో మూడు నెలలు పెంచగలదు కానీ దాని మీద ఆధారపడొద్దు.

మీ పేరు సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. బయట ఎవరికీ తెలియకూడదు, కానీ సార్‌కి తెలుస్తుంది, మీ మాటకు జవాబు చెప్పుకునే అవకాశం ఆయనకూ ఇవ్వాలి కదా. సాక్షి ఉద్యోగానికి ఈ చట్టంలో గట్టి రక్షణ విడిగా లేదు, ఇది దీని పెద్ద లోపం. కాబట్టి మీ అప్రైజల్ మెయిల్స్, జీతం కాగితాలు ఇప్పుడే ఇంట్లో ఒక కాపీ పెట్టుకోండి.

మర్రిపాలెం వాసి:
మేడమ్ ఒకవైపు విని అందరూ తీర్పు చెప్పేస్తున్నారు. పెద్దాయన పరువు ఏం కావాలి? తప్పుడు కంప్లైంట్లు లేవా? నలుగురు పెద్దవాళ్లు కూర్చుని మాట్లాడి ఆ అమ్మాయికి ఎంతో కొంత ఇప్పించి వేరే చోట ఉద్యోగం చూపిస్తే రెండు కుటుంబాలూ బాగుంటాయి.

ఎంవీపీ కాలనీ నుంచి:
రాజీ కావాలని ఆవిడే అడగాలి అండీ, మీరూ నేనూ కాదు, అది కూడా డబ్బు మీద రాజీ కుదర్చకూడదని 10వ సెక్షన్‌లోనే ఉంది. తప్పుడు ఫిర్యాదుకు శిక్ష కూడా అదే చట్టంలో ఉంది, కాకపోతే రుజువు చేయలేకపోయినంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు అయిపోదు. పరువు మాట అన్నారు కాబట్టి, తనను వేధించారని చెప్పిన జర్నలిస్టు ప్రియా రమణి మీద మాజీ కేంద్రమంత్రి ఎంజే అక్బర్ వేసిన పరువునష్టం కేసు 2021లో ఢిల్లీ కోర్టు కొట్టేసింది, మహిళ గౌరవాన్ని పణంగా పెట్టి ఒకరి పేరుప్రతిష్ఠల్ని కాపాడలేమని చెప్పింది.

రుషికొండ ఐటీ:
అక్కా నేను ఫిర్యాదు ఇచ్చినప్పుడు కూడా ఇలాంటి కాగితమే తిరిగింది, వేరే ఆఫీసులో. నాతో రోజూ లంచ్ బాక్స్ పంచుకున్నవాళ్లు సంతకాలు పెట్టారు. ఆయన చేసినదాని కంటే ఆ పేర్లు వరసగా చదవడమే నాకు ఎక్కువ బాధ అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. వాళ్లకీ ఈఎంఐలు ఉన్నాయని తెలుసు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నేను చూశాను అని ఉంటే నేను ఉద్యోగం మానేసేదాన్ని కాదు. ఆపరేషన్‌కి డబ్బు ఇచ్చారంటే ఆ అప్పు జీతంలోంచి తీర్చేసి ఉంటారు కదా అక్కా, దానికి ఈ సంతకంతో సంబంధం లేదు.

సీతమ్మధార రిటైర్డ్ ఉద్యోగి:
1988లో చండీగఢ్‌లో ఒక విందులో అప్పటి పంజాబ్ డీజీపీ కేపీఎస్ గిల్ తనతో అసభ్యంగా ప్రవర్తించారని ఐఏఎస్ అధికారి రూపన్ దియోల్ బజాజ్ కేసు పెట్టారు. ఆయన్ని అప్పుడు దేశమంతా మెచ్చుకుంటున్న రోజులు. హైకోర్టు ఎఫ్‌ఐఆర్ కొట్టేసింది, 1995లో సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది, 1996లో దోషి అని తేలింది, 2005లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. జైలుకు మాత్రం వెళ్లలేదు. ఒక ఐఏఎస్ అధికారికే 17 ఏళ్లు పట్టింది, కాంట్రాక్ట్ మీద పనిచేసే పిల్ల ఒంటరిగా ఎన్నాళ్లు నిలబడుతుంది? అన్నదానం చేశాడని అడగకుండా వదిలేసే అలవాటు మన ఊళ్లో మరీ ఎక్కువ, నా సర్వీసంతా ఇదే చూశాను.

గాజువాక అక్క:
అందరికీ థాంక్స్. ఈరోజు హెచ్‌ఆర్‌కి సంతకం పెట్టనని చెప్పేశాను. ఎందుకని అడిగితే నాకు తెలిసింది కమిటీ అడిగితే చెబుతానన్నాను. అప్పటినుంచి ఇద్దరు ముగ్గురు మాట్లాడటం మానేశారు, టెన్షన్‌గానే ఉంది. ఆ అమ్మాయితో మాట్లాడాను, లోకల్ కమిటీకి వెళ్తానంటోంది, నన్ను సాక్షిగా రాయమన్నాను. ఎక్కడ ఇవ్వాలి, లాయర్ కావాలా?

ఎంవీపీ కాలనీ నుంచి:
కలెక్టరేట్‌కి వెళ్లి లోకల్ కమిటీ ఫిర్యాదు అని అడగండి. సోమవారం అర్జీల రోజు కాబట్టి రద్దీగా ఉంటుంది, వేరే రోజు వెళ్తే నిదానంగా మాట్లాడొచ్చు. ఫిర్యాదు ఆరు కాపీలు, మెసేజ్‌ల ప్రింట్లు, సాక్షుల పేర్లు, చిరునామాలు జత చేయాలి. తీసుకున్నట్టు మీ కాపీ మీద ముద్ర వేయించుకోకుండా బయటికి రావద్దు. ఇలాంటి ఫిర్యాదుల కోసం కేంద్రం పెట్టిన షీ-బాక్స్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో కూడా పెట్టొచ్చు. కమిటీ ముందు లాయర్ల వాదన ఉండదు, కాగితం రాయడానికి సాయం కావాలంటే జిల్లా కోర్టులో న్యాయసేవాధికార సంస్థ ఉంది, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితం. విచారణ 90 రోజుల్లో ముగించాలి, ఈలోగా తనను వేరే చోటికి మార్చమనో మూడు నెలల వరకు సెలవు ఇమ్మనో ఆ అమ్మాయి రాసి అడగొచ్చు, అది ఫిర్యాదుతో పాటే ఇవ్వమనండి. పోలీసు కేసు పెట్టాలనుకుంటే అది వేరే దారి, రెండూ ఒకేసారి నడపొచ్చు. మీరు చూసింది మాత్రం ఈ రాత్రే తేదీలతో రాసి పెట్టండి, విన్నది వేరుగా, చూసింది వేరుగా.