సనా: అరబీలో చివర హమ్జా (ء) అనే అక్షరం ఉండాలా?
పాప పుట్టి నాలుగు రోజులైంది. ఏడో రోజు అఖీఖా (బిడ్డ పుట్టినందుకు చేసే వేడుక), కార్డు మీద పేరు అరబీలో కూడా వేయించాలి. అనుకున్న పేరు సనా, వెలుగు అనే అర్థంలో. తెలుగులో రాస్తే ఏ గొడవా లేదు!

రెండు యాప్‌లు చూశాను. ఒకటి ‘కాంతి’ అంది, ఇంకోటి ‘పొగడ్త’. ‘హమ్ద్-ఓ-సనా’లో సనా అంటే స్తుతే కదా అన్నారు మా అత్తమ్మ. ఉర్దూ డిక్షనరీ తిరగేస్తే తేలింది: మొదటి అక్షరం స్తుతికి ‘సే’ (ث), వెలుగుకు ‘సీన్’ (س). ఖురాన్‌లో నూర్ సూరా 43వ ఆయత్‌లో మెరుపు వెలుగు గురించి చెప్పేచోటా సీనే, చివర అలిఫ్ (ا). కానీ పేర్ల పుస్తకంలో అలిఫ్ తర్వాత హమ్జా కూడా వేసి, ‘ఔన్నత్యం’ అని అర్థమిచ్చారు. ఇక్కడే ఆగిపోయాను.

అరబీ చదువుకున్నవాళ్లు చెప్పండి, వెలుగు అనే అర్థమే రావాలంటే చివర హమ్జా పెట్టాలా, వద్దా?