వెర్నర్‌ను భూగర్భశాస్త్ర పితామహుడని పిలవవచ్చా?

రాతిబాట:
అబ్రహాం గొట్లోబ్ వెర్నర్‌ను (1749–1817) పాఠ్యపుస్తకాలు భూగర్భశాస్త్ర పితామహుల్లో ఒకడిగా లెక్కిస్తున్నాయి. ఇందుకు నాకు అభ్యంతరం ఉంది. 1775లో జర్మనీలోని సాక్సనీ ప్రాంతపు ఫ్రైబెర్గ్ గనుల అకాడమీలో అధ్యాపకుడిగా చేరి చనిపోయేదాకా అక్కడే బోధించిన ఈయన, గ్రానైటుతో, బసాల్టుతో సహా దాదాపు శిలలన్నీ ఒకప్పుడు భూమినంతా కప్పిన సముద్రంలో పేరుకున్నవేనని బోధించాడు. అగ్నిపర్వతాలను భూమి లోపల బొగ్గు పొరలు అంటుకోవడం వల్ల వచ్చిన చిన్న విషయంగా తీసిపారేశాడు. బసాల్ట్ చల్లారిన లావా అని ఫ్రాన్సులోని ఓవెర్న్ కొండల్లో తిరిగిన నికొలా దెమారె అప్పటికే చూపించాడు. వెర్నర్ ఆ కొండలకు వెళ్లనే లేదు. సాక్సనీ దాటని మనిషి భూగోళం మొత్తానికి చరిత్ర చెప్పడం నాకు మింగుడుపడదు.

పాతపాఠం:
సాక్సనీ దాటలేదన్న మాట పొరపాటండి. 1802లో ఆయన ప్యారిస్ వెళ్లారు.

ఇక అసలు సంగతికి వస్తాను. 1774లో, పాతికేళ్ల ప్రాయంలో, ఖనిజాల బాహ్య లక్షణాల మీద ఆయన ఒక పుస్తకం రాశారు. రాయిని చేతిలోకి తీసుకుని రంగు, మెరుపు, విరిగిన తీరు, గీస్తే పడే గీత రంగు, గట్టితనం, తాకితే తెలిసే చలువ, ఆఖరికి నాలుకకు అంటుకుంటుందా లేదా అన్నది కూడా వరుసగా చూసి నమోదు చేసే పద్ధతిని అందులో నేర్పారు. నేను ముప్పై ఏళ్లు ఇంటర్, డిగ్రీ పిల్లలకు చెప్పింది ఆ వరుసే. బంకమట్టి ముక్కను నాలుకకు ఆనించి, అది పట్టుకుని లాగినప్పుడు ఉలిక్కిపడిన పిల్లవాడు ఆ రాయిని జీవితంలో మరిచిపోడు. గట్టితనానికి ఒకటి నుంచి పది దాకా కొలత ఇచ్చిన ఫ్రీడ్రిఖ్ మోస్ కూడా వెర్నర్ శిష్యుడే.

చదువరి:
బసాల్ట్ సంగతి స్కాట్లండ్ శాస్త్రవేత్త జేమ్స్ హాల్ ప్రయోగాలతోనే తేలిపోయింది కదా. కరిగించి గబుక్కున చల్లారిస్తే గాజు, నెమ్మదిగా చల్లారిస్తే స్ఫటికాలున్న రాయి వచ్చింది.

రాతిబాట:
ప్యారిస్ నగరం చూడటం వేరు, కొండలు చూడటం వేరు. ఓవెర్న్ వెళ్లలేదన్న నా మాటకు జవాబు రాలేదు.

గోదావరిగట్టు:
ఆ కాలంలో పొరబడటం అంత వింతేమీ కాదు. ఐర్లండ్‌లోని పోర్ట్‌రష్ దగ్గర బసాల్ట్‌లో శిలాజాలు దొరికాయని, కాబట్టి అది నీటిలో పేరుకున్నదేనని నీటివాదులు (వెర్నర్ పక్షంవారు) గట్టిగా చూపించేవారు. నిజానికి అది పక్కన చొచ్చుకొచ్చిన వేడి శిల వల్ల కాలి గట్టిపడి, నల్లగా మారిన బురదరాయి. మా గౌరీపట్నం క్వారీల్లో రెండు లావా పొరల మధ్య గుల్లలున్న సున్నపురాయి కనిపిస్తుంది. ఆ ఒక్క గోడనే చూసినవారికి అంతా నీళ్లలో పేరుకున్నట్టే తోస్తుంది.

పాతపాఠం:
గోదావరిగట్టు గారు చెప్పినదే షైబెన్‌బెర్గ్‌లో జరిగింది. సాక్సనీలోని ఆ కొండను వెర్నర్ స్వయంగా పరిశీలించారు. అడుగున ఇసుక, దానిపైన బంకమట్టి, ఆపైన మెత్తబడిన నల్లరాయి, అన్నిటికంటే పైన నిలువు స్తంభాల్లాంటి బసాల్ట్ ఉన్నాయి. ఒకటి మరొకదానిలోకి మెల్లగా మారిపోతున్నట్టు కనబడింది కనుక అన్నీ ఒకే నీటిలో పేరుకున్నాయని 1788లో ప్రకటించారు. పాత నది ఇసుక మీదికి లావా పారిందనీ, అడుగు భాగం శిథిలమై మట్టిలా మారిందనీ మనకు ఇప్పుడు తెలుసు. చూసింది సరిగానే చూశారు, అర్థం చెప్పడంలో తప్పారు.

రాతిబాట:
తప్పడం నేరమని నేను అనలేదు. ఆయన శిష్యుడైన ఫోక్ట్ అప్పుడే ఎదురు చెప్పాడు. అయినా గురువు మాట మార్చుకోలేదు. మీకు ఇది చిన్న విషయంగా ఎందుకు కనిపిస్తుందో నాకు అర్థం కావడం లేదు. నా ఎమ్మెస్సీ క్షేత్రపటంలో ఒక హద్దు ఉండేది. అది భ్రంశరేఖ (శిలలు విరిగి జారిన గీత) అని మా ఆచార్యులు ఎన్నో ఏళ్ల క్రితం వ్యాసంలో అచ్చువేసి ఉన్నారు. నేను ఎండలో ఆ హద్దు మీద కూర్చుని చూస్తే, పై పొర అడుగున కింది గ్రానైట్ గులకరాళ్లు గుండ్రంగా అరిగిపోయి ఇమిడి ఉన్నాయి. అంటే అది విరిగిన చోటు కాదు, కోసుకుపోయిన పాత నేల మీద కొత్త పొర పరుచుకున్న చోటు. నేను అలా గీసిన గీతను ఆచార్యులు నా చేతే రబ్బరుతో చెరిపించి, తన గీతను గీయించారు. నలభై ఏళ్లయినా ఆ కాగితం మీది మరక నా కళ్ల ముందే ఉంది.

పాతపాఠం:
మీకు జరిగినది అన్యాయమే. అయితే మీ కోపం మీ ఆచార్యుల మీద, శిక్ష మాత్రం వెర్నర్‌కు. ఆయన శిష్యుల చేత ఎవరూ ఏమీ చెరిపించలేదు. దోబుయిస్సోన్ 1803లో సాక్సనీ బసాల్ట్ మీద గురువును సమర్థిస్తూ పుస్తకం వేసి, ఆ తర్వాత ఓవెర్న్ వెళ్లి, కళ్లారా చూసి, తన మాటను తనే బహిరంగంగా వెనక్కి తీసుకున్నాడు. లెయోపోల్డ్ ఫాన్ బుఖ్ కూడా ఆ కొండలు చూశాకే మారాడు. మరో శిష్యుడు హంబోల్ట్ దక్షిణ అమెరికా అగ్నిపర్వతాలు చూశాక మారాడు. రాయిని చూడటం వారికి నేర్పింది ఫ్రైబెర్గే.

రాతిబాట:
వాళ్లు మారారు, ఆయన మారలేదు. శిష్యుడి నిజాయితీని గురువు ఖాతాలో వేయడానికి నేను ఒప్పుకోను. ఖనిజాల గుర్తింపులో ఆయన పద్ధతి గొప్పదని ఒప్పుకుంటున్నాను. పితామహుడన్న మాట ఒక్కటే నాకు అడ్డం.

చదువరి:
అయితే ఇద్దరి తగాదా బసాల్ట్ గురించి కాదన్నమాట, గురువు గురించి.

పాతపాఠం:
అవును, అది నాకూ ఇప్పుడే తెలిసింది. గురువు చెప్పిన జవాబు సరైనదై ఉండాలని రాతిబాట గారు కోరుతున్నారు. శిష్యుడు ఆ జవాబును పరీక్షించగలిగితే నాకు చాలు. నా ముప్పై ఏళ్లలో నేనూ కొన్ని తప్పులు చెప్పే ఉంటాను, వాటిని పిల్లలే ఎక్కడో దిద్దుకుని ఉంటారు.

రాతిబాట:
జవాబు సరిగా ఉండాలని నేను కోరలేదు. దిద్దినవాడు తిరిగి వచ్చి చెప్పినప్పుడు గురువు వినాలి. నేను అడిగింది అంతే. దోబుయిస్సోన్ ప్రయాణాన్ని కూడా వెర్నర్ పాఠంలోనే చేర్చి చెప్పండి, అప్పుడు ఆ బిరుదు గురించి మళ్లీ మాట్లాడుకుందాం.