అప్‌డేట్: తమ్ముడు ప్రొఫెషనల్‌గా మారే విషయం

19 ఏళ్ల మా తమ్ముడు అమెచ్యూర్ బాక్సింగ్‌లో వరుసగా గెలుస్తున్నాడు, ఇప్పుడే ప్రొఫెషనల్ అవ్వచ్చా అని అడిగాను కదా. ప్రస్తుతానికి ఆగాం.

మీలో ఒకరు చెప్పినట్టు, వాడి చేత ప్రొఫెషనల్ బాక్సర్లతో ఆరు రౌండ్ల స్పారింగ్ (ప్రాక్టీస్ ఫైట్) చేయించాం. మొదటి మూడు రౌండ్లు వాడివే, చూడముచ్చటగా ఆడాడు. నాలుగో రౌండ్‌కి కాళ్లు బరువెక్కాయి. అమెచ్యూర్ బౌట్ మూడు రౌండ్లే కాబట్టి మొదటి నుంచీ దూకుడుగా వెళ్లడం వాడికి అలవాటు. అవతలి అతను తొందరపడకుండా పొట్ట మీద కొడుతూ, ఒకరినొకరు పట్టుకునే క్లించ్‌లో మీద వాలుతూ వీణ్ని అలసిపోయేలా చేశాడు. ఆ రాత్రి వీడు అన్నం కూడా సరిగా తినలేదు, పాపం.

వాడి కోచ్ మాకు ఉక్రెయిన్ బాక్సర్ లోమచెంకో సంగతి గుర్తు చేశారు. 2008, 2012 ఒలింపిక్ స్వర్ణాలు గెలిచినవాడు కూడా 2014లో తన రెండో ప్రొఫెషనల్ ఫైట్‌లోనే, రింగులో పండిపోయిన మెక్సికో బాక్సర్ సలీడో చేతిలో ఓడిపోయాడు.

ఫైట్లు ఏర్పాటు చేసే ఒక ప్రమోటర్ నుంచి కాంట్రాక్ట్ కూడా వచ్చింది. ఏళ్ల తరబడి కట్టిపడేసేలా ఉంది, ఏడాదికి ఎన్ని ఫైట్లు ఇస్తారో మాత్రం రాయలేదు. లాయర్ చూసి వద్దన్నారు. నాకూ టెన్షన్ తగ్గింది.

ఇంకో ఏడాది అమెచ్యూర్‌లోనే ఉంటాడు, బాడీ పంచ్‌ల మీద పని మొదలైంది. వాడు మాత్రం ఇంకా నాతో ముభావంగానే ఉన్నాడు.