కషాయం పనిచేస్తోందా లేదా అన్నది నాన్నే తేల్చుకునేలా చేయడం ఎలా?

నాన్నకి 63 ఏళ్లు, షుగర్ ఉంది. డాక్టర్ రాసిన మెట్‌ఫార్మిన్ 500 రోజుకు రెండుసార్లు వేసుకుంటారు. ఎవరో చెప్పారని వేసవి నుంచి పరగడుపున పొడపత్రి కషాయం కూడా తాగుతున్నారు. నీరసంగా అనిపించిన రోజే గ్లూకోమీటర్ బయటికి తీస్తారు. రీడింగ్ 170 దాటితే కషాయం ఇంకాస్త చిక్కగా కాచుకుంటారు. మర్నాడు 145 వస్తే "చూశావా!" అంటారు. ఇప్పుడు మాత్రలు మానేస్తానంటున్నారు, నా టెన్షన్ అదే.

బాగా పెరిగిన రీడింగ్ ఏమీ చేయకపోయినా చాలాసార్లు మర్నాటికి కాస్త దిగుతుందని, మీటర్‌లోనే 15 శాతం దాకా తేడా రావచ్చని చెప్పి చూశాను. రోజూ ఒకే టైముకి చూసి నోట్‌బుక్‌లో రాయమన్నాను. తగ్గిన అంకెలే రాస్తున్నారు. ఎక్కువొస్తే "రాత్రి పెళ్లిభోజనం కదా" అని వదిలేస్తున్నారు. రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్షలో కషాయానికి ముందు 7.8, ఇప్పుడు 7.7. అదీ కషాయం గొప్పతనమేనట. వాదించేకొద్దీ పంతం పెరుగుతోంది. నిజానికి ఆయన లెక్క తెలియని మనిషి కాదు, ఎరువుల ఖర్చు ఎకరంవారీగా పైసలతో సహా రాసుకుంటారు.

నెలాఖరున డాక్టర్‌ని కలిసేదాకా మాత్రలు ఆపనని మాటిచ్చారు. ఈలోగా, ఏ అంకె వస్తే కషాయం పనిచేయనట్టో ఆయనే ముందుగా తన చేత్తో రాసిపెట్టుకునేలా చేయాలనుంది. ఇంట్లో పెద్దవాళ్లని ఇలా ఒప్పించినవాళ్లు ఉంటే, ఆ మాట వాళ్ల దగ్గర ఎలా ఎత్తారో చెప్పగలరా?