“మాటలాడుటకు వారికి సెలవు లేదు”: ఇది ఏ సెలవు?

చిత్తూరు నుంచి:
బైబిల్లో కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక, మొదటి కొరింథీ 14:34లో “స్త్రీలు సంఘములలో మౌనముగా ఉండవలెను” అని చెప్పి, “మాటలాడుటకు వారికి సెలవు లేదు” అంటాడు పౌలు. మా అవ్వకు సెలవంటే ఖర్చు, పక్కనుండే తమిళం వాళ్ల మాదిరే. మా పిల్లోళ్లకు బడి లేని రోజు. ఈడ ఏ అర్థం, అన్నా?

తిరుపతి నుంచి:
అనుమతి తమ్ముడూ. “ఇక సెలవు” అని లేచేటప్పుడు మనం అడిగేదీ అదే. పాత బైబిల్లో ఈ మాటకు ఇంకో ఎత్తు కూడా ఉండాది: “యెహోవా సెలవిచ్చుచున్నాడు” అంటే పలుకుతున్నాడని. అందుకే చెవికి రాజాజ్ఞ మాదిరి వినపడతాది. గ్రీకులో ఉండేది ‘ఎపిత్రెపో’, ఒట్టి అనుమతి. అపొస్తలుల కార్యములు 21:39లో పౌలు సైన్యాధికారిని “జనులతో మాటలాడుటకు నాకు సెలవిమ్మని” బతిమాలుకునేదీ, 26:1లో అగ్రిప్ప “నీకు సెలవైనది” అనేదీ ఈ క్రియతోనే. సెలవు లేక నిలబడిన కష్టం పౌలుకు తెలీనిది కాదు.

ఇంకొకటి. కొరింథీ 14లోనే, అర్థం చెప్పేవాడు లేకపోతే ఆత్మావేశంలో తెలియని భాషలతో మాట్లాడేవాణ్ణి (28), పక్కవాడికి దేవుడి నుంచి ఏదన్నా బయలుపరచబడితే మొదటివాణ్ణి (30) మౌనంగా ఉండమన్నాడు. ఈ రెండుచోట్లా, 34లోనూ ‘మౌనంగా ఉండు’ అనేదానికి గ్రీకు మాట ‘సిగావో’నే. ఆ రెండూ సభలో ఒకరి మీద ఒకరు పడి మాట్లాడకుండా పెట్టిన పద్ధతి. వాళ్లను జీవితాంతం నోరు మూసుకోమన్నాడని ఎవరూ అనరు. ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికే లెక్క మారిపోతాది.

మదనపల్లె నుంచి:
అన్నా, 28, 30లో సందర్భం చెప్పి ఆపినాడు. 34లో ధర్మశాస్త్రం పేరెత్తినాడు. మొదటి తిమోతి 2:12లో “సెలవియ్యను” అని ఊరుకోకుండా, ఆదాము ముందు, హవ్వ తర్వాత అని సృష్టి దాకా పోయినాడు. దాన్ని కొందరన్నట్టు, తిమోతి ఉండిన ఎఫెసు ఊరి గొడవ అని తేల్చేస్తే ఎట్లా?

తిరుపతి నుంచి ఒక అక్క:
న్యాయమైన మాటే తమ్ముడూ, దాన్ని దాటేసి పోకూడదు. కానీ మన సంఘాల్లో జరిగేది చూడు. పాస్టరుగారి భార్య, అమ్మగారు, పుల్పిట్ (ప్రసంగ వేదిక) ఎక్కరు. కింద మైకు పట్టుకుని ‘సాక్ష్యం’ అని మొదలుపెట్టి, మూడు వాక్యభాగాలు తిప్పించి, గద్దించి, ప్రార్థనతో ముగిస్తారు. అందరూ ఆమెన్ అంటారు. అదే మాట రెండు మెట్లెక్కి చెప్తే ‘వాక్యం’ అయిపోతాది, తప్పయిపోతాది! సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లు ఈ దాపరికం వదిలేసినారు: ఆడవాళ్లకు గురువు అభిషేకం ఎప్పుడో ఇచ్చినారు, 2013లో మన పక్క నంద్యాలకే పుష్పలలితమ్మ బిషప్పయినారు. మిగతా సంఘాలు చానా ఒప్పుకోవు. ఒప్పుకోకపోతే మానె, సాక్ష్యం పేరుతో ప్రసంగం చేయించుకునేది ఎందుకు?

చిత్తూరు నుంచి:
మరి మొదటి కొరింథీలోనే 11:5లో ఆడవాళ్లు ప్రార్థించేటప్పుడు, ప్రవచించేటప్పుడు ముసుకు వేసుకోమన్నాడు గదక్కా. నోరే తెరవకూడదంటే ముసుకు సంగతి ఎందుకు?

మదనపల్లె నుంచి:
ప్రవచనం (దేవుడు పలికించింది చెప్పేది) వేరు, ఉపదేశం (బోధించేది) వేరు.

తిరుపతి అక్క:
కొరింథీ 14:31 చదువు తమ్ముడూ. “అందరు నేర్చుకొనునట్లు” ప్రవచించమన్నాడు. వినేవాళ్లు నేర్చుకుంటా ఉంటే, చెప్పేది ఉపదేశం కాదంటావా?