తాతయ్య పెట్టెలో ఫ్రీమేసన్ ఏప్రాన్ దొరికింది, ఇంట్లోవాళ్ల భయం ఎలా పోగొట్టాలి?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. పోయిన నెల ఇల్లు సర్దుతుంటే అటక మీద తాతయ్య రేకు పెట్టె దొరికింది. అందులో గొర్రెపిల్ల తోలుతో కుట్టిన తెల్లటి ఏప్రాన్, అంచుకి లేత నీలం రిబ్బను. మడతల దగ్గర పసుపురంగు తిరిగింది. పక్కనే ఓ బ్యాడ్జి. దాని మీద తాపీమేస్త్రీ మూలమట్టం, పైన విచ్చుకున్న కంపాస్.

తాతయ్య ఫ్రీమేసన్, అంటే తమ ఆచారాలు బయటికి చెప్పని ఓ పాత సోదర సంఘంలో సభ్యుడు అని మాకు అప్పుడే తెలిసింది. మేనత్త చూడగానే "ఇది చేతబడి సామాను, కృష్ణలో కలిపేయండి" అంది. తమ్ముడేమో యూట్యూబ్ వీడియోలు చూసి ప్రపంచాన్ని నడిపే కుట్ర అంటున్నాడు. అమ్మకి ఒకటే టెన్షన్, సరిగ్గా నిద్రపోవడం లేదు.

నేను కొంత చదివాను. వీళ్ల స్థానిక శాఖని లాడ్జి అంటారు, ఆ శాఖల మీద ఉండే పెద్ద సంస్థ గ్రాండ్ లాడ్జి. మొదటి గ్రాండ్ లాడ్జి 1717లో లండన్‌లో ఏర్పడింది, మన దేశానిది 1961లో. చేరేవాళ్లకి దేవుడి మీద నమ్మకం ఉండాలి, లాడ్జిలో మతం, రాజకీయాలు చర్చించకూడదు. వివేకానందుడు కూడా 1884లో కలకత్తాలో చేరారు. హైదరాబాద్ గోషామహల్ బారాదరిలో వీళ్ల లాడ్జి ఉంది. ఇదంతా చెప్తే అత్త ఒకటే అడుగుతుంది: "మంచి పనైతే పెళ్లానికి కూడా చెప్పకుండా దాచడమెందుకు?" నిజం చెప్పాలంటే నన్నూ ఆ మాటే బాధపెడుతోంది.

మీ ఇళ్లలో సభ్యులెవరైనా ఉన్నారా? వాళ్లు ఇంట్లో ఎంతవరకు చెప్పేవారు? ఏప్రాన్ లాడ్జికి తిరిగివ్వాలా, మేం ఉంచుకోవచ్చా? విజయవాడ, గుంటూరు వైపు తెలిసిన పెద్దవాళ్లుంటే అమ్మతో ఒక్కసారి మాట్లాడగలరా? తాతయ్య గుర్తుగా అదొక్కటే మిగిలింది, ఏట్లో కలపడానికి నాకు మనసొప్పడం లేదు.